కుర్చీయు దీపమును: ఉత్తర దేశముల కొయ్యపని

మంచి కుర్చీ యెట్టిదని మన విద్యార్థుల నడిగినచో మెత్త వేసినదనియో, నగిషీలు చెక్కినదనియో, బరువైన టేకుతో చేసినదనియో చెప్పుదురు. మంచి దీపమెట్టిదని యడిగినచో మిక్కిలి వెలుతురు నిచ్చునదే యందురు. ఐరోపాఖండమున ఉత్తరపు కొనయందున్న డెన్మార్కు, స్వీడను, ఫిన్లాండు దేశములలో గడచిన శతాబ్దమున కొందరు వడ్రంగులును వాస్తుశిల్పులును ఈ రెండు ప్రశ్నలనే ముందుంచుకొని జీవితమంతయు గడపిరి. వారికి దొరకిన జవాబులు వేరు. అవి యెట్లు దొరకెనో, వానివలన చావనున్న యొక చేతిపని యెట్లు బ్రదికెనో చెప్పుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా ఆ దేశముల శీతకాలమును తలంచుకొనవలెను. డిసెంబరు మాసమున కోపెన్‌హేగన్ పట్టణములో పగలు సుమారు 7 గంటలు మాత్రమే. స్వీడను, ఫిన్లాండుల ఉత్తరభాగములలో కొన్నిదినములు సూర్యుడు ఉదయింపనే ఉదయింపడు. మనము ఉక్కకు తాళలేక అరుగులమీదను, చెట్లనీడను, ఆరుబయటను కాలము గడపుదుము. వారు చలికి వెరచి నెలల తరబడి నాలుగు గోడలనడుమ నుందురు. కూర్చుండు పీటతోను, భుజించు బల్లతోను, చదువుకొను దీపముతోను వారికుండు పరిచయము మనకుండు దానికన్న ఎన్నియో మడుగులు ఎక్కువ.

అచ్చటి పల్లెవాండ్రు తరతరములుగా చలికాలపు రాత్రులయందు పొయ్యిదగ్గర కూర్చుండి గరిటెలు, తొట్లు, పీటలు, గొడ్డలి కామలు తామే చేసికొనుచుండిరి. ఇట్టి చేతిపనికి స్వీడిషు భాషలో స్లాయిడు అని పేరు. దీనిని బడిలోనికి తెచ్చినవారిలో మొదట పేర్కొనదగినవాడు ఊనో సిగ్నేయుస్ అను ఫిన్లాండు దేశపు క్రైస్తవ బోధకుడు. అతని పూనికచే 1866లో ఆ దేశపు గ్రామపాఠశాలలలో బాలురకు చేతిపని విధిగా నేర్పవలెనని శాసనమాయెను. పిమ్మట స్వీడనులో గోథెన్‌బర్గు నగరమునకు సమీపమున నేస్ అనుచోట ఓటో సాలొమన్ అనునాతడు ఉపాధ్యాయులకే ఈ విద్య నేర్పు శిక్షణాలయమును నడపెను. పరదేశములనుండి సైతము ఉపాధ్యాయులును ఉపాధ్యాయినులును వచ్చి అందు చేరిరి.

సాలొమన్ పద్ధతిలో పిల్లవాడు మొదట ఒక చిన్న చాకుతో పూలమొక్కకు ఊతపుల్ల వంటి స్వల్పవస్తువును చేయును. క్రమముగా కష్టమైన వానికి పోవును. చేసిన ప్రతి వస్తువును ఇంటిలో ఉపయోగపడవలెను. మొదటినుండి తుదివరకు పిల్లవాడే చేయవలెను. ఉపాధ్యాయుడు వాని పనిలో చేయి పెట్టరాదు. ఈ కడపటి నియమ మెంత కఠినమైనదో ఉపాధ్యాయవృత్తిలో నున్నవారికి తెలియును. పిల్లవాడు రంపమును వంకరగా నడపుచుండగా చూచుచు ఊరకుండుట సామాన్యమైన నిగ్రహము కాదు. డెన్మార్కులో ఆక్సెల్ మికెల్సెన్ అనునాతడు ఈ విద్యకే తనదైన యొక క్రమము నేర్పరచెను. చేతిపని యనగా చదువబ్బని వానికి దక్కునదని తలంచు తలిదండ్రులు మనలో నేటికిని కలరు. ఆ దేశములలో కలవారి పిల్లలును లేనివారి పిల్లలును కొయ్యనార యెటు పోవునో, ఎటు చెక్కిన చిట్లునో బడిలోనే తెలిసికొని పెరిగిరి. పిమ్మట కుర్చీలు చేసినవారేగాక కుర్చీలు కొనినవారు కూడ వారే. మంచి అతుకును గుర్తింపగల కొనుగోలుదారు లేనిదే మంచి వడ్రంగి యొక తరమైనను నిలువడని నా యభిప్రాయము.

ఇక కోపెన్‌హేగన్ వడ్రంగుల సంగతి. ఆ పట్టణమున కుర్చీలు, బీరువాలు, బల్లలు చేయు పనివారికి శతాబ్దములనాటి సంఘ మొకటి యుండెను. ఒకడు చిన్నతనమున గురువువద్ద చేరి, ఏండ్లతరబడి పనిచేసి, పరీక్షకొక వస్తువును చేసి చూపినగాని ఆ వృత్తిలో పనివాడుగా అంగీకరింపబడడు. ఇట్టి సంఘమునకు 1920 తరువాత గడ్డుదినములు వచ్చెను. యంత్రశాలలు చౌకసామానులను గుట్టలుగా పోయసాగెను. వడ్రంగుల పనితన మమోఘమైనదే. అయినను ఆకారములు తాతలనాటివి. పూర్వపు దొరల భవనములకు తగిన బరువైన నమూనాలనే వారు నకలు చేయుచుండిరి. రెండుగదుల యింటిలో క్రొత్తగా కాపురము పెట్టిన దంపతులకు వానితో పని లేకపోయెను.

అప్పుడు వారు రెండు పనులు చేసిరి. 1927లో తమ పనిని పట్టణప్రజలకు చూపుటకు ప్రదర్శనము నొకదానిని పెట్టిరి. 1933 నుండి ఏటేట పోటీ ప్రకటించి, క్రొత్త నమూనాలు గీసి పంపుడని వాస్తుశిల్పులను కోరిరి. తాము గురువులనుండి నేర్చిన పనికి పరాయివానిచేత నమూనా గీయించుకొనుట పనివాని కెంత చిన్నతనముగా తోచునో ఊహింపవచ్చును. అయినను దానికి వారు తల యొగ్గిరి. శిల్పి తన గీతలు పట్టుకొని కార్ఖానాకు వచ్చును. ఈ కొయ్య ఇచ్చట ఇట్లు వంగదు, ఈ సన్నపు కాలు ఇంత బరువు మోయదు అని వడ్రంగి చెప్పును. శిల్పి మరల గీయును. ప్రదర్శనములు 1966 వరకు 40 ఏండ్లు వరుసగా జరిగెను. జర్మను సైన్యము దేశము నాక్రమించియున్న 1940 మొదలు 1945 వరకు గల కాలమున సైతము అవి ఆగలేదు.

ఈ శిల్పులకు గురువు కారె క్లింట్. అతడు 1888లో పుట్టి 1954లో గతించెను. 1924లో కోపెన్‌హేగన్ రాజకీయ కళాశాలలో గృహోపకరణములను గూర్చిన విద్యాశాఖ ఆరంభమైనప్పుడు అతడే అందు ప్రథమాచార్యుడు. క్రొత్తదనమని పేరు చెప్పి పాతదానిని పారవేయుట అతనికి గిట్టదు. పూర్వపు ఇంగ్లీషు కుర్చీలను, ఇతర దేశముల కుర్చీలను విద్యార్థులచేత విప్పించి, కొలిపించి, గీయించెడివాడు. అంతటితో నిలువక మనుష్యుని మోకాలి యెత్తు, నడుము, మోచేయి కొలిపించెను. బీరువా గీయుటకు ముందు ఇంటిలోని పళ్లెములను, చెంచాలను, గిన్నెలను కొలిచి, ఎన్ని యుండునో లెక్కించి, వానికి తగినట్లు అరలు నిర్ణయించెను. అతని తండ్రి కోపెన్‌హేగన్ పట్టణమునందలి ఇటుకల మహామందిరమగు గ్రుంట్విగ్ దేవాలయమును గీసిన వాస్తుశిల్పి. 1930లో తండ్రి మరణింపగా కుమారుడు ఆ పని సాగించి 1940లో ముగించెను. అందు భారమైన బెంచీలకు మారుగా సముద్రపుగడ్డి త్రాటితో అల్లిన తేలిక కుర్చీలను వేయించెను. నులకమంచము నెరిగిన మనకు ఆ కుర్చీలు వింతగా తోచవు.

అందరిలో పేరు పొందినవాడు మాత్రము హాన్స్ వెగ్నర్. అతడు 1914లో టోండర్ అను చిన్న పట్టణమున చెప్పులు కుట్టు పనివానికి కుమారుడై పుట్టెను. 14వ యేట వడ్రంగివద్ద చేరి పని నేర్చెను. కళాశాలకు వచ్చుసరికి అతని చేతులకు ఉలియు చిత్రికయు అలవాటైనవే. 2007లో చనిపోవునప్పటికి అతడు కల్పించిన కుర్చీలు 500లకు పైగా నుండెను. 1949 ప్రదర్శనమునకు యొహన్నెస్ హాన్సెన్ అను వడ్రంగి చేసి పెట్టిన వెగ్నర్ కుర్చీ యొకటి కలదు. నాలుగు కాళ్లు, గుండ్రముగా తిరిగి చేతులుగాను వీపుగాను అగు ఒక్క కొయ్యకమ్మి, ఒక పీఠము. అంతే. దానికి పేరైనను పెట్టలేదు. లోకము దానిని కేవలము కుర్చీ యని పిలువసాగెను. 1960లో అమెరికా అధ్యక్షపదవికై కెనడీయు నిక్సనును టెలివిజనులో వాదించినప్పుడు వారికి వేసినవి ఈ కుర్చీలే.

ఈ కుర్చీలో గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. గుండ్రని వీపుకమ్మి ఒక్క కొయ్యముక్కతో రాదు, ముక్కలను అతికింపవలెను. మొదట వెగ్నరునకు ఆ అతుకులు చూడబాగుగా లేవని తోచి, వీపుచుట్టు బెత్తపుపేడు చుట్టించి వానిని కప్పించెను. కొంతకాలమునకు అతనికి వేరొక యాలోచన వచ్చెను. రెండు చేతుల వ్రేళ్లను ఒకదానిలో నొకటి దూర్చి పట్టుకొనినట్లు, రంపపుపండ్ల వలె కోసిన రెండు కొనలను ఒకదానిలో నొకటి బిగించి జిగురుతో అతికించెను. ఈ అతుకు గట్టిది, చూచుటకును అందమైనది. పేడు తీసివేసి దానిని అందరికిని కనబడునట్లు వదలిపెట్టెను. కప్పిపుచ్చవలసిన చోటే ఆ కుర్చీకి ఆభరణమాయెను. పనివాడు కాని శిల్పికి ఈ యుపాయము తట్టునా యని నాకు సందేహము.

1950 తరువాత ఈ సామానులకు ఆసియాఖండపు టేకును విరివిగా వాడిరి. ఇంగ్లీషువారి టీక్ అను మాట మలయాళమునందలి తేక్కు అను మాటనుండి పోర్చుగీసువారి ద్వారా వారికి చేరినది. మన టేకు అను మాటకు అది దగ్గర చుట్టము.

ఇట్టి కుర్చీలు సామాన్యుని కందునవి కావని అప్పుడే కొందరాక్షేపించిరి. ఆక్షేపణ న్యాయమైనదే. నెలల జీతము పోసినగాని దొరకని కుర్చీ ఎంత అందమైనదైన నేమి? స్వీడనులో ఎల్లెన్ కే అను విదుషి 1899లోనే సౌందర్యము అందరిదియు నని వాదించియుండెను. డెన్మార్కులో ఈ పని తలకెత్తుకొనినది వినియోగదారుల సహకారసంఘముల సమాఖ్య. అది 1942లో క్లింట్ శిష్యుడగు బోర్గె మొగెన్సెన్ అను యువకుని నియమించి, కూలివాని యింటికి తగిన సామానులు గీయుమని కోరెను. అతడు 1947లో గీసిన కుర్చీ బీచి కొయ్యతో చేయబడినది. వీపున ఒక వెడల్పు పలక, అల్లిన పీఠము, వేరొక యలంకారము లేదు. దానికి ప్రజల కుర్చీ యని పేరు వచ్చెను. యుద్ధమువలన సముద్రపుగడ్డి రాక నిలిచిపోగా, కాగితమును మెలిపెట్టి చేసిన త్రాటితో పీఠము లల్లుట మొదలిడిరి. అది గడ్డికన్న నునుపుగాను బలముగాను ఉండుటచే యుద్ధము ముగిసినను దానిని విడువలేదు.

ఫిన్లాండు దేశపు అల్వార్ ఆల్టోను గూర్చి రెండు మాటలు. అతడు 1929 మొదలు 1933 వరకు పైమియో అనుచోట క్షయరోగులకు వైద్యశాల కట్టించెను. రోజంతయు పడుకొనియుండు రోగి కన్నులతో గదిని చూచుటకు యత్నించుట అతని గొప్పతనము. దీపము రోగి కంటికి సూటిగా తగులని చోట నుంచెను. ప్రక్క రోగికి నిద్రాభంగము కాకుండ నీరు చప్పుడు లేకుండ పడు తొట్టిని కల్పించెను. కుర్చీలకు ఇనుపగొట్టములు చల్లగా తగులునని వానిని మాని, బర్చి కొయ్యను పలుచని పొరలుగా అతికి వంచి వాడెను. రోగికి శ్వాస సులభముగా ఆడునట్లు వీపును వాల్చెను.

ఇంక దీపము. ఈ కథలో నాకు మిక్కిలి ప్రియమైన భాగ మిదియే.

విద్యుద్దీపము వచ్చిన క్రొత్తలో జనులు మురిసిపోయి, ఏ మరుగును లేక బల్బును నడియింట వ్రేలాడగట్టిరి. మన యిండ్లలో పెక్కింట నేటికిని అట్లే యున్నది. 1894లో పుట్టిన పౌల్ హెన్నింగ్సెన్ అను డెన్మార్కు దేశస్థుడు ఇది వెలుతురు కాదు, కంటికి దెబ్బ యని తలంచెను. అతని వాదము శాస్త్రసమ్మతమైనది. మిక్కిలి ప్రకాశించు వస్తువు కంటికి సూటిగా కనబడినప్పుడు కంటిపాప ముడుచుకొనును. అప్పుడు పుస్తకముమీద పడు వెలుతురు తగ్గకపోయినను అక్షరములు మసకబారినట్లు తోచును. దీపము బలముగా వెలుగుట వేరు; మనకు కావలసినది స్పష్టముగా కనబడుట వేరు. పాత కిరసనాయిలు దీపమునందలి మెత్తదనమును క్రొత్త విద్యుద్దీపమునకు తెచ్చుట యెట్లని అతడు ఏండ్ల తరబడి గీతలు గీసి లెక్కలు వేసెను.

1925లో పారిసు నగరపు ప్రదర్శనమునకు అతడు దీపములు పంపెను. మరుసటి సంవత్సరము లూయీ పౌల్సెన్ అను వర్తకసంస్థతో కలిసి మూడు గొడుగుల దీపమును సిద్ధపరచెను. పెద్ద గొడుగు పైన, దానికన్న చిన్నది దానిక్రింద, అన్నిటికన్న చిన్నది అడుగున. మూడును ఒకదానిక్రింద నొకటి వరుసగా నుండును. బల్లచుట్టు కూర్చున్నవారికి ఏ దిక్కునుండి చూచినను వెలుగు తీగ కనబడదు. గొడుగుల వంపు అతడు కంటికి నచ్చినట్లు గీసినది కాదు. పైతరగతులలో గణితము చదువు విద్యార్థులు దీనిని శ్రద్ధగా చూడవలెను. నత్తగుల్ల చుట్టు తిరుగు వంపును పోలిన సర్పిలరేఖ యొకటి కలదు. దాని కేంద్రమునుండి ఏ చోటికి గీత గీసినను ఆ గీత సర్పిలమును ఒకే కోణమున తాకును. హెన్నింగ్సెన్ బల్బును ఆ కేంద్రముననుంచి గొడుగులకు ఆ వంపు నిచ్చెను. వెలుతురు గొడుగుమీద అంతటను ఒకే కోణమున పడి, ఒకచోట మెరసి మరియొకచోట చీకటి కాక, మెల్లమెల్లగా వ్యాపించును. అధికభాగము బల్లమీదికి దిగును. కొంత ప్రక్కలకు పోయి ఎదుటివారి ముఖములను, గోడలను తాకును. గదిలో పూర్తిచీకటి మిగులదు గనుక, పుస్తకమునుండి కన్నెత్తినప్పుడు కంటికి శ్రమ యుండదు.

యుద్ధకాలమున విమానములకు వెరచి పట్టణములలో దీపము లార్పవలసివచ్చినప్పుడు, కోపెన్‌హేగన్ వారి టివోలి ఉద్యానవనమునకు వాస్తుశిల్పిగా నున్న ఇతడు ఆకాశమునుండి కనబడని దీపములను చేసెను. ఆ విధముగా రాత్రులయందును జనులు తోటకు రాగలిగిరి. 1943లో శత్రుసైన్యము యూదులను పట్టసాగగా, యూదవంశీయుడగు ఆర్నె యాకొబ్సెన్ అను ప్రసిద్ధ వాస్తుశిల్పి దేశము విడువవలసి వచ్చెను. హెన్నింగ్సెన్ కూడ అతనితో చేరెను. వారు రాత్రివేళ చిన్న తెడ్లపడవలో జలసంధిని దాటి స్వీడను చేరిరి. యుద్ధానంతరము తిరిగివచ్చిన యాకొబ్సెన్ 1952లో పలుచని కొయ్యపొరలను అచ్చున నొత్తి మూడు కాళ్లమీద నిలిపిన చీమ అను కుర్చీని గీసెను.

బల్బులు చేయువారు వాని ఆకారమును మాటిమాటికి మార్చుటచే హెన్నింగ్సెన్ లెక్కలు తప్పుచుండెను. విసిగి, ఏ బల్బు పెట్టినను తీగ కనబడని దీపమును 1958లో చేసెను. దాని వెడల్పు 50 సెంటీమీటర్లు. ఆ సంవత్సరమే కోపెన్‌హేగన్ రేవుదగ్గరి లంగెలీనియె భోజనశాలకు 12 వరుసలలో 72 రేకులు గల పెద్ద దీపమును చేసి యిచ్చెను. అతడు 1967లో చనిపోయెను. ఈ రెండు దీపములును నేటికిని తయారగుచున్నవి.

దీపమునకు లోహమే కావలెనని లేదు. కారె క్లింట్ తండ్రి 1901 ప్రాంతమున తన కిరసనాయిలు దీపమునకు కాగితమును మడతలు పెట్టి గొడుగు చేసికొనెను. అది ఆ కుటుంబములో తీరికవేళ వినోదమాయెను. 1943లో కుమారులలో నొకడగు టాగె క్లింట్ దానినే వ్యాపారముగా నారంభించెను. 1944లో కారె క్లింట్ మడతలతోనే లాంతరు నొకదానిని కల్పించెను. కాగితపు పడవలు చేయు మన చిన్నతరగతుల పిల్లలకు ఆ పని వేళ్లకు తెలిసినట్లే యుండును.

1960 దాటినపిమ్మట కాలము మారెను. ప్లాస్టికు వచ్చెను, పనివాని కూలి పెరిగెను, నకళ్లు చౌకగా దొరకెను. 1966తో పాత ప్రదర్శనములు ముగిసెను. కార్ఖానాలు ఒక్కొక్కటిగా మూతపడెను. మరియొకవైపు స్వీడనులో 1943న 17 ఏండ్ల బాలుడగు ఇంగ్వార్ కాంప్రాడ్ స్థాపించిన ఐకియా సంస్థ, 1956 ప్రాంతమున బల్ల కాళ్లను విప్పి పలుచని పెట్టెలో పెట్టి అమ్ముట మొదలిడెను. వడ్రంగి చేయవలసిన కడపటి పనిని కొనినవానిచేతనే చేయించుట అందలి చమత్కారము. ఆ సంస్థవారి మొదటి భారతదేశపు దుకాణము 2018 ఆగస్టు 9న మన హైదరాబాదులో తెరువబడెను. అచ్చటి సామానులలో పెక్కు చెక్కపొట్టును జిగురుతో కలిపి యొత్తిన పలకలు. దానిని కొయ్యపని యని నేననను. అయినను తేలికగా నుండి చిన్నగదిలో పట్టు ఆకారములు వేలకొలది యిండ్లకు దానివలననే చేరినవి.

పాతపని పూర్తిగా నశింపలేదు. 1981 నుండి డెన్మార్కు వడ్రంగులును శిల్పులును శరత్కాలమున మరల ప్రదర్శనము పెట్టుచున్నారు. యొహన్నెస్ హాన్సెన్ కార్ఖానా మూతపడినపిమ్మట వెగ్నర్ గుండ్రని కుర్చీని పీ పీ మోబ్లర్ అను మరియొక కార్ఖానావారు చేయుచున్నారు. రంపపుపండ్ల అతుకు అట్లే యున్నది. వెగ్నర్ 1949లోనే చీనాదేశపు పాత కుర్చీల పోలికను గీసిన మరియొక కుర్చీని 1950 నుండి కార్ల్ హాన్సెన్ సంస్థవారు ఎడతెగక చేయుచున్నారు. దాని తయారీలో నూరింటికి పైగా మెట్లు కలవు. పీఠమునకు సుమారు 120 మీటర్ల కాగితపు త్రాడు పట్టును. దానిని నేటికిని చేతితోనే అల్లుదురు. పని తెలిసిన చేతికి ఒక్కొక్క కుర్చీకి సుమారు ఒక గంట పట్టును.